చెరొక గ్లౌజు

నేను ఒక కుడిచేతి గ్లౌజును. మెరూన్ రంగు ఊలు, మణికట్టు దగ్గర తెల్ల చార. నా ఎడమది పోయిన రోజు ఆదివారం. ఐస్ రింకులో పిల్లల గోల ఎక్కువగా ఉంది. ‘పోయింది’ అనడానికి మనసొప్పడం లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. కోదండం గారికీ తెలుసు.

చలికాలంలో ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు అమ్మే నేపాలీ ఆవిడ మమ్మల్ని ఒకే ఊలు ఉండతో అల్లింది. పొద్దున్నే పాలకు వెళ్ళడానికి పనికొస్తామని సువర్చల గారు కొన్నారు. హైదరాబాదు చలి ఎంతని! నాలుగు రోజులు వేసుకుని బీరువాలో పెట్టేశారు.

మాకు అసలు పని దొరికింది ఒక షాపింగ్ మాల్ పై అంతస్తులో. బయట ఎండ మాడ్చేస్తుంటే అక్కడ గడ్డకట్టిన మంచు, దాని మీద జారే జనం. మనుషులు పడకుండా నడవడం కష్టపడి నేర్చుకుంటారు. యాభై దాటాక, పడటానికి టిక్కెట్టు కొనుక్కుని వస్తారు.

రింకుకు రావాలన్న సరదా సువర్చల గారిది. విద్యుత్ శాఖలో రిటైరైన ఆమె భర్త కోదండం గారు, ఆమె మాట కాదనలేక వచ్చారు. గ్లౌజులు లేకుండా లోపలికి పంపరు. ఆయన తెచ్చుకోలేదు. ఆవిడ నన్ను ఊడదీసి ఆయన చేతిలో పెట్టారు.

“చెరొకటి. మధ్య చేతులు ఎలాగూ పట్టుకునే ఉంటాంగా, వాటికి చలేంటి?”

“నలుగురూ చూస్తారే.”

“పడితే మాత్రం చూడరా? పట్టుకున్నప్పుడే చూడనివ్వండి.”

గేటు దగ్గరి అమ్మాయి నవ్వి వదిలేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. నేను ఆయన కుడిచేతికి, ఎడమది ఆవిడ ఎడమచేతికి. ఆయన నన్ను రెయిలింగు మీద నుంచి తీసేవారు కాదు. ఆవిడ పడేవారు, నవ్వేవారు, తడిసిన చుడీదారు దులుపుకుని లేచేవారు.

పాదాలు రెండూ బయటికి తోసి మళ్ళీ దగ్గరికి తెస్తే మంచు మీద చేపలాంటి గీత పడుతుంది. ముందుకు వెళ్తూ చేపలు గీయడం ఇద్దరికీ వచ్చేసింది. వెనక్కి వెళ్తూ గీయడమే కుదరలేదు. “వచ్చే ఆదివారం చూద్దాం లెండి” అన్నారావిడ.

ఆ ఆదివారం ఆవిడ జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నారు. ఆ పై ఆదివారానికి లేరు.

కొన్ని నెలలు మేం ఆవిడ సంచిలో ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాం. ఇంటినిండా పరామర్శలు. ఒకరోజు ఆయన ఎవరికీ చెప్పకుండా మమ్మల్ని తీసుకుని రింకుకు వచ్చారు. నన్ను వేసుకున్నారు. ఎడమదాన్ని వేసుకోలేదు, ఉత్త చేత్తో పట్టుకున్నారు. రెయిలింగు వదిలారు, మొదటిసారి. వెనక్కి తిరిగి, పాదాలు మెల్లగా బయటికి తోశారు. సగం చేప పడింది. ఆయన ఎడమపక్కకి చూశారు.

“మరిదిగారూ! మీరేనా?”

సువర్చల గారి అక్క దమయంతమ్మ. మనవడి పుట్టినరోజని పిల్లల్ని తీసుకొచ్చారట. ముందుగా ఆయన నన్ను వేసుకున్న చేతిని జేబులో దాచారు.

“మా చెల్లి పోయి ఏడాదైనా తిరగలేదు. ఇంట్లో ఒక్కరూ ఏం దిగులుపడుతున్నారో అని నిన్న కూడా ఏడ్చాను. ఇక్కడ ఆటలా?”

“డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు, వదినగారూ.”

“ఆ చేతిలోది మా సువర్చలది కాదూ?”

“కాదు. ఎవరిదో. ఇక్కడ పడుంటే తీశాను.”

అని దాన్ని రెయిలింగు మీద పెట్టేశారు. ఆ పూట గేటు దగ్గర కొత్తమ్మాయి ఉంది. వచ్చి, మంచు దులిపి, కౌంటరు వెనక దొరికిన వస్తువులు వేసే డబ్బాలో వేసింది.

జేబులో ఆయన వేళ్ళు నాలో పిడికిలి బిగించాయి. అంత చలిలోనూ చెమట. ఊలుకు నోరుండదని నేను సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ చెమటతో పాటు సిగ్గు కూడా నాలో ఇంకింది. ఆవిడ నలుగురూ చూస్తుండగా ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఒక్క మనిషి చూస్తుండగా వదిలేశారు.

తర్వాత ఆయన మళ్ళీ వెళ్ళారు. మంచు మీదికి కాదు, కౌంటరు దాకా. డబ్బాలో పైనే ఉంది ఎడమది, తెల్ల చార కనిపిస్తూ.

“ఏమైనా పోయిందా అంకుల్?”

“లేదమ్మా.”

మొన్న సంవత్సరీకాలు జరిగాయి. దమయంతమ్మ గారే దగ్గరుండి అన్నీ చూసుకున్నారు. భోజనాలయ్యాక, “ఇంక మీరు నలుగురిలోకి వెళ్ళొచ్చు, మరిదిగారూ. ఆ ఐసు మీదకైనా సరే” అన్నారు, నొచ్చుకున్న గొంతుతోనే. కొక్కేనికి వేలాడుతున్న జాకెట్ జేబులో ఉండి నేను విన్నాను. ఆయన ఏదో చెప్పబోయి, మంచినీళ్ళు తాగారు.

ఎడమది ఇంకా డబ్బాలోనే ఉంది. అది తన భార్యదని ఆయన ఇంకా ఎవరికీ చెప్పలేదు.