నాలుగు తీగల మాండలిన్

నెలకి ఇరవై రోజులు లాడ్జి గదుల్లో పడుకునేదాన్ని నేను. బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్లు బాగుచేయడం నా పని. ఏ ఊళ్ళో మిషన్ మొరాయిస్తే ఆ ఊరికి కంపెనీవాళ్ళు నన్ను తరుముతారు. అందరూ నన్ను మిషనక్క అంటారు. పని ముగించుకుని గదికొస్తే ఫ్యాన్ చప్పుడు, పక్కగది వాళ్ళ టీవీ గోల తప్ప ఏమీ ఉండదు. అందుకే చవకలో ఒక మాండలిన్ కొనుక్కుంటానని ఆఫీసులో చెప్పాను. పనిముట్ల సంచి పక్కన ఇమడాలి, ఎవరైనా కొట్టేసినా కూర్చుని ఏడవక్కర్లేనిదై ఉండాలి, అంతే అన్నాను.

అది సగం నిజం. అక్క మాండలిన్ చప్పుడు మళ్ళీ ఒక్కసారి వినాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది. అక్క పోయి నాలుగేళ్ళయింది. ఆ మాండలిన్‌ని బావ అటక మీద పెట్టి మర్చిపోతే చెదలు తినేశాయి. అక్క ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి. చప్పుడు మాత్రం ఎక్కడా లేదు.

సాయంత్రం ఐదింటికి రైలు. మధ్యాహ్నం భోజనం మానేసి వాయిద్యాల షాపుకి వెళ్ళాను. షాపాయన అడిగితే గాని నోరు విప్పని మనిషి. నాకు కావలసిందేమిటో చెప్తే మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిదాని వెనకాల బోర్లించిన గిన్నెలా పెద్ద బొజ్జ ఉంది. చూడ్డానికి బాగానే ఉంది గానీ సంచిలో పట్టదు, ఒళ్ళో జారిపోతుంది. ఆ మాట ఆయనే చెప్పి పక్కకి పెట్టేశాడు. రెండోది వెనక బల్లపరుపుగా ఉంది. ఒక కన్ను మూసి దాని మెడ వెంట చూశాను, మిషన్ కడ్డీ వంకర పట్టుకునేది అలాగే. మెడ కాస్త వంగింది. మూడోది మట్టిరంగుది, నగిషీ గట్రా ఏమీ లేవు. మెడ తిన్నగా ఉంది, తీగలు అక్కదానికన్నా ఎక్కువున్నా మరీ ఎత్తులో లేవు, తీగలు బిగించే మరలు తిప్పితే తిప్పినచోట నిలబడుతున్నాయి. ధర కూడా నాకు అందేదే. ఇంక బేరం కుదిరినట్టే అనుకుని మీటాను.

ఒకటి వినపడాల్సిన చోట రెండు చప్పుళ్ళు వినిపించాయి. మా పనిలో అలా వినిపించిందంటే ఎక్కడో ఏదో వదులైనట్టు లెక్క. అదే చెప్పాను. ఆయన శ్రుతి సరిచేసి ఇచ్చాడు. అయినా అదే రొద. లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే. నాకు అసలే ముక్కుమీద కోపం, పైగా కడుపు కాలుతోంది. మీ షాపులో అన్నీ వదులేనా అని అడిగేశాను.

ఆయనకి కోపం రాలేదు. మీరు దేని మీద నేర్చుకున్నారమ్మా అన్నాడు. మా అక్కదాని మీద, ఎనిమిదేళ్ళప్పుడు అన్నాను. దానికెన్ని తీగలని అడిగాడు. నాలుగన్నాను. మరలెన్ని అన్నాడు. ఎనిమిది. వాటిలో నాలుగు ఖాళీగా ఉండేవి. ఇవెందుకే అని ఒకసారి అడిగితే, అవి అందానికే బుజ్జీ అంది అక్క. ఇన్నేళ్ళుగా ఊరూరి మిషన్లు విప్పి బిగించినదాన్ని, ఆ మాట నమ్మి ఊరుకున్నాను. పాటల్లో జోడు చప్పుడు వినపడ్డప్పుడు అది వేరే రకం మాండలిన్ అనుకునేదాన్ని.

"మాండలిన్‌కి ఎనిమిది తీగలమ్మా, జతలుగా ఉంటాయి. ఒక్కో జతా కలిసి ఒకే స్వరం పలుకుతుంది," అన్నాడాయన. "పసిపిల్లలు రెండేసి తీగలు నొక్కితే వేళ్ళు కోసుకుపోతాయి. అందుకని జతలో ఒకటి తీసేసి ఉంటారు. వేళ్ళు గట్టిపడ్డాక మళ్ళీ కట్టుకోవాలి."

మా అక్క మళ్ళీ కట్టలేదు. కడితే ఎలా? సాయంత్రమయ్యేసరికి నేను వెళ్ళి దాని ఒళ్ళోంచి లాక్కునేదాన్ని.

ఆయన మట్టిరంగుదాని ఒక్కో జతలోంచి ఒక్కో తీగ విప్పి, ఆ తీగలతో సహా మాండలిన్ నా చేతికిచ్చాడు. వాయించాను. అదే. పల్చగా, కాస్త బిడియంగా, మా వెనకగదిలో మంచం మీద కూర్చుని అక్క వాయించినప్పటి చప్పుడే. కళ్ళు మూసుకుంటే అక్క పక్కనే ఉన్నట్టుంది. నాకు కావలసింది దొరికింది, ఇచ్చెయ్యండి అనబోయాను.

అప్పుడు గుర్తొచ్చింది. అక్కకి పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక పాటల బృందం వాళ్ళు మాండలిన్ వాయించే మనిషి కావాలంటే వెళ్ళింది. ఆ ఒక్క అవకాశం కోసం మూడు నెలలు సాధన చేసింది. వెళ్ళిన గంటకే తిరిగొచ్చేసింది. వేళ్ళు బాగా ఆడుతున్నాయి గానీ చప్పుడు చాలదు, వెనక వరసకి కూడా వినపడదన్నారట. నేను పడీపడీ నవ్వి, వారం రోజులు దాన్ని దోమక్కా అని పిలిచాను. అదీ నాతో పాటే నవ్వింది. ఇంకో నాలుగు తీగలు కట్టుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఆ సాయంత్రం కూడా నాలుగు తీగల మాండలిన్నే నా ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్ళలేదు మా అక్క. పెళ్ళయ్యాక పండక్కో పబ్బానికో కలిసినా, మాండలిన్ బయటికి తీయమని నేనడిగితేనే తీసేది.

విప్పిన తీగలు ఆయన చేతిలో పెట్టి, మళ్ళీ కట్టెయ్యమన్నాను.

"ఆ చప్పుడు నచ్చలేదన్నారుగా," అన్నాడు.

"మా అక్కది అసలు ఆ చప్పుడేనండీ. నేనే వాయించనివ్వలేదు."

ఆయన తీగలు కట్టి, శ్రుతి చూసి, గుడ్డసంచిలో పెట్టిచ్చాడు. పరుగుపరుగున వెళ్ళి రైలందుకున్నాను. పెట్టెలో జనం పల్చగా ఉన్నారు. కిటికీ పక్కన కూర్చుని, అక్క నేర్పిన మొదటి పాట ఎనిమిది తీగల మీదా వాయించాను. పెట్టె ఆ చివరిదాకా వినిపించింది, అక్కడి వాళ్ళు ఇటు తిరిగి చూశారు. పాట సగమయ్యేసరికి వేళ్ళు భగ్గున మండాయి. చెయ్యి ఊదుకుంటూ అలవాటుగా పక్కకి చూశాను. తీగలు తీసిపెట్టడానికి అక్క లేదు.