మంచులో కొబ్బరినూనె

నేను ఒక సైకిలుని. తొక్కితే ముందుకు పోవడం, బ్రేకు వేస్తే ఆగడం, నాకు తెలిసిన విద్య అంతే. ఆ కాస్త విద్యనీ చూపించుకోనివ్వకుండా ఒక చలికాలమంతా నా ప్రాణం తోడేసిన మొగుడూ పెళ్ళాల గొడవ ఇది. వింటే వినండి, లేకపోతే మీ ఇష్టం. చెప్పుకోకపోతే మాత్రం నా కడుపుబ్బరం తీరదు.

పుట్టింది ఫిన్లాండులో. ఇనప గొట్టాలు అతికి, నీలం రంగు పూసి, చెయిను తగిలించి లోకం మీదికి వదిలేశారు. మొదట నన్ను కొన్నది ఒక పంతులమ్మ. ఎండాకాలం తొక్కి, మంచు పడగానే తుడిచి గోడకి తగిలించేది. పుణ్యాత్మురాలు, ఆవిడ విలువ అప్పుడు తెలిసింది కాదు. తరవాత ఒక కాలేజీ కుర్రాడి పాలబడ్డాను. వాడు ప్రేమలో పడ్డప్పుడల్లా నన్నెక్కడో మరిచిపోయేవాడు, ప్రేమ బెడిసికొట్టగానే వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆఖరికి పాతసామాన్ల అంగట్లో తేలాను. అక్కడ నన్ను ఎస్తేరు చూసింది.

ఎస్తేరుది భీమవరం. నర్సు పని. ఉత్తరాన ఉన్న ఈ ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉద్యోగం దొరికి వచ్చింది. చలికాలం పోయేదాకా పరీక్షలో పెట్టారట. ఈలోగా మనిషి నచ్చకపోతే తిరుగు విమానం ఎక్కడమే. ఆవిడ డ్యూటీ తెల్లవారకముందే మొదలవుతుంది, ఆ వేళకి బస్సు లేదు. అందుకని నేను.

ఆవిడ వెంట వచ్చిన పెనిమిటి పేరు జ్ఞానరత్నం. భీమవరంలో ఆయనకి మోటారు వైండింగు షాపు ఉండేదట. రొయ్యల చెరువుల్లో మోటారు కాలిపోతే చాలు, రైతులు ఆయన గుమ్మంలో పడిగాపులు పడేవారట. ఇక్కడ చెరువులు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. భాష రాదు, పనిచ్చేవాడు లేడు. అన్నం వండుతాడు, కిటికీ దగ్గర కూచుంటాడు, తనలో తను మాట్లాడుకుంటాడు. నాకు తెలుగు అబ్బింది ఆ గొణుగుడు వల్లనే.

నేను ఇంటికి రాగానే ఆయన మొహం వెలిగింది. సైకిలు సంగతి తనకి వదిలేయమన్నాడు. ఇన్నాళ్ళకి ఆయన చేతులకి ఒక పని దొరికిందని ఎస్తేరు ఎంత సంతోషించిందో చెప్పలేను. నా ఖర్మ అక్కడే మొదలైంది.

మొదట గాలి. టైరు వేలితో నొక్కితే లొంగకూడదని ఆయన సిద్ధాంతం. భీమవరం తారు రోడ్డుకి అది చెల్లుతుంది. మంచుగడ్డ మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే నేలని పట్టుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. మొదటిరోజే మూల మలుపులో ఎస్తేరునీ నన్నూ కలిపి నేల కరిపించింది ఆ గాలి. డ్యూటీకి ఆలస్యం. ఆవిడ కుంటుకుంటూ ఇంటికొస్తే, బ్రేకు గట్టిగా పట్టి ఉంటావు అన్నాడు మహానుభావుడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ తరవాత నూనె. నా చెయిను కిర్రుమంటోందని నూనె కొనడానికి బజారుకి వెళ్ళాడు. అక్కడ వరసగా సీసాలు, సీసాల మీద రైలుబండంత పొడుగు మాటలు. ఏది దేనికో తెలియలేదు. అడిగితే నవ్వుతారేమోనని సిగ్గు. చేతులూపుకుంటూ తిరిగొచ్చి, ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె పొయ్యి మీద వెచ్చచేసి నా చెయినుకి రాశాడు. అంతటితో ఊరుకున్నాడా, వెనక చక్రం ఫ్రీవీలులోకి ధారగా పోశాడు. వాళ్ళ నాన్న కుట్టుమిషనుకీ తలుపు బందులకీ అదే వాడేవాడట.

అయ్యా, డిసెంబరు వస్తే భీమవరంలోనే కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టుకుంటారు కదా. మరి ఇక్కడి చలిలో ఏమవుతుందో తట్టలేదా? తట్టలేదు. ఫ్రీవీలు లోపల చిన్న చిన్న పళ్ళుంటాయి. తొక్కినప్పుడు అవి లేచి పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. నూనె గడ్డకట్టి ఆ పళ్ళని పడుకోబెట్టేసింది. ఎస్తేరు ఎంత తొక్కినా పెడలు ఊరికే గిర్రున తిరుగుతుంది, చక్రం మాత్రం కదలదు. చీకట్లో, మంచులో, దారి మధ్యలో నిలబడిపోయాం. రెండోసారి ఆలస్యం. ఆశ్రమం పెద్దావిడ నవ్వుతూనే చెప్పిందట, మూడోసారి అయితే బాగుండదని.

ఆ సాయంత్రం ఎస్తేరు ఇంట్లో చెప్పింది, పెడలు పట్టుకోవడం లేదని. ఆయన నన్ను హీటరు పక్కన నిలబెట్టి, ఆ వెచ్చదనంలో పెడలు తిప్పి చూశాడు. నూనె కరిగిపోయాక ఎందుకు పట్టుకోదు? ఫస్టుక్లాసుగా పట్టుకుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. బండి బాగానే ఉంది కదా అన్నాడుగానీ, ఆ అనడంలో జోరు లేదు. మొహం వాడిపోయింది. అన్నం ముందు కూచుని, ఈమాత్రం పని కూడా నా వల్ల కాకుండా పోయిందా అని గోడతో అన్నాడు.

ఎస్తేరు ఆ మాట వింది. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూనే, మీరు నూనె పోశాక బండి తేలిపోతోందండీ అంది. ఆయన పొంగిపోయి ఇంకాస్త పోశాడు.

ఇక చూడండి నా బతుకు. మా ఇంటి ముందు రోడ్డు పల్లం. కిటికీలోంచి ఆయన చూస్తుండగా ఎస్తేరు సీటెక్కి, తొక్కకుండానే జారుకుంటూ మలుపుదాకా వస్తుంది. మలుపు తిరగ్గానే దిగి, నన్ను తోసుకుంటూ ఆశ్రమందాకా నడుస్తుంది. అందుకోసం ముందే లేచి బయల్దేరుతుంది. సాయంత్రం ఇంటిదాకా తోపుడే, ఎత్తు కదా, దిగి తోసినా ఆయనకి అనుమానం రాదు. సైకిలు మనిషిని మోయాలిగానీ సైకిలుని మనిషి మోయడమేమిటి? నన్ను ఇంట్లో వదిలేసి చేతులూపుకుంటూ నడిస్తే ఆవిడకి సగం కష్టం తగ్గును. కానీ నన్ను వదిలేస్తే ఆయనకి తెలిసిపోతుంది. ఆయనకి తెలియకూడదని ఆవిడ నడుం పడిపోతోంది. ఆవిడ మెచ్చుకుంటోందని ఆయన నూనె పోస్తున్నాడు. మధ్యలో నేను మింగలేక కక్కలేక చస్తున్నాను.

ఒకరోజు ఎస్తేరు చేతి తొడుగులు మరిచిపోయి బయల్దేరింది. అవి పట్టుకుని జ్ఞానరత్నం వెనకాలే వచ్చాడు. రాత్రి కురిసిన మంచు మీద నా టైరు గీత తిన్నగా కనబడుతోంది. పల్లమంతా గీత ఒక్కటే. మలుపు దాటాక గీత పక్కన అడుగులు. ఇంకాస్త దూరం పోతే ఆగుతాయేమోనని చూశాడట. ఆగలేదు. ఆ అడుగుల వెంటే జారుతూ పడుతూ ఆశ్రమం వాకిట్లోకి వచ్చేసరికి ఆయన ఒళ్ళంతా మంచు.

నన్ను ఎత్తి పెడలు చేత్తో తిప్పాడు. గిర్రున తిరిగింది. ఫ్రీవీలు మీద వేలు పెట్టి గీకితే తెల్లగా గోరు నిండా నూనె వచ్చింది. తను పోసిన కొబ్బరినూనే అది. ఎస్తేరుకి కబురు పెట్టలేదు. తిన్నగా బజారుకి పోయి, ఈసారి ఆ గోరే చూపించి, పెడలు తిరిగినట్టు వేలు గాల్లో తిప్పి చూపించి నూనె అడిగాడట. వాళ్ళు నవ్వే ఉంటారు. నవ్వితే నవ్వారు, నూనె ఇచ్చారు. పాత నూనె కడగడానికి కిరసనాయిలు లాంటిదేదో కూడా తెచ్చాడు.

ఎస్తేరు డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన వాకిట్లో గొంతుక్కూచుని ఉన్నాడు. తొడుగులు లేని చేతులు నల్లబడిపోయాయి. నా వెనక చక్రం కడిగి, పల్చటి నూనె వేసి బిగిస్తున్నాడు.

"ఎన్నాళ్ళయింది దీన్ని తోసుకుంటా వొత్తున్నావు?" అన్నాడు తల ఎత్తకుండా.

"అదేం లేదండి. చలికి అప్పుడప్పుడూ..."

"షాపుకాడ నలుగురి ముందూ తిట్టేదానివి నన్ను. మోటారు పాడుచేసేనంటే ఊరంతా వినబడేలా అరిచేదానివి. ఇక్కడికొచ్చి మెచ్చుకోడం నేర్చుకున్నావేంటే? తిట్టడానిక్కూడా పనికిరాని మనిషినైపోయేనా?"

ఎస్తేరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరవాత నోరు తెరిచింది. అప్పటిదాకా దాచుకున్నదంతా బయటికొచ్చింది. మంచులో టైర్లకి అంత గాలి కొడతారా, ఎవడైనా ఫ్రీవీల్లో కొబ్బరినూనె పోస్తాడా అంది. తన నడుం విరిగిందంది. మూడోసారి ఆలస్యమైతే ఇద్దరూ మూటాముల్లే సర్దుకోవాల్సొచ్చేదని, వైండింగు చేసిన చేతులకి ఈపాటి తెలివి లేకపోయిందా అని కడిగి పారేసింది. ఆశ్రమం కిటికీల్లో ముసలివాళ్ళు వరసగా నిలబడి చూస్తున్నారు. జ్ఞానరత్నం టైర్లలో గాలి తీస్తున్నాడు. ఆ చలికాలంలో ఆయన మొహం అంత కులాసాగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

తిట్టి తిట్టి అలిసిపోయి ఎస్తేరు సీటెక్కింది. వెనక కూచోమంది. భీమవరంలో పెళ్ళాం తొక్కితే మొగుడు వెనక కూచోవడం ఆయన కలలో కూడా ఎరగడు. నువ్వు పద, నేను నడిచొస్తానన్నాడు.

"ఎక్కండి," అంది.

ఆయన అటూ ఇటూ చూసి, రెండు కాళ్ళూ ఒకపక్కకి వేసుకుని క్యారియరు మీద కూచున్నాడు. ఎస్తేరు పెడలు మీద కాలు వేసి తొక్కింది. పట్టుకుంది.