దిగకూడదు అన్న కార్డు

లవెల్లా దుమాలగ్‌కు చదువు కళ్ళతో ఎక్కదు. ఎవరైనా అడగాలి, తను పైకి చెప్పాలి. అందుకే సెబూ నౌకా కళాశాల నుంచి సరుకు ఓడ మీదికి శిక్షణకు వచ్చినప్పుడు, ఇటుకంత భద్రతా పుస్తకం చేతిలో పెట్టగానే దాని పేజీలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి ఒక యాప్‌లో పడేసింది. ఆ యాప్ పుస్తకాన్ని ఫ్లాష్‌కార్డులుగా మార్చేసింది. ఒకవైపు ప్రశ్న, తిప్పితే జవాబు. తప్పు చెప్పిన కార్డును మాత్రం అది వదలదు, మళ్ళీ మళ్ళీ తెచ్చి ముందు పెడుతుంది.

భోజనాల దగ్గర ఆ ఫోను లాక్కుని ప్రశ్నలడిగేవాడు రెనాంతే. ఆమె ఈడువాడే, డెక్కు మీద నావికుడు, ఆ నావికులందరికీ పెద్ద అయిన సరంగు ఎల్పిడియోకి మేనల్లుడు.

"మూసిన గదిలో మనిషి పడిపోయి కనిపించాడు. మొదట ఏం చేస్తావ్?"

"దిగి బయటికి లాగుతా."

"మళ్ళీ తప్పే!" రెనాంతే బల్ల చరిచి నవ్వేవాడు. "దిగకూడదట. అలారం కొట్టాలట. గాలి సిలిండరు తగిలించుకున్నవాళ్ళే దిగాలట. అంటే నేను లోపల చస్తుంటే నువ్వు పైన నిలబడి సినిమా చూస్తావన్నమాట!"

"నీ సినిమాకైతే టికెట్టు కొని మరీ చూస్తా."

పక్కన ఎండుచేప నములుతున్న సరంగు నవ్వేవాడు కాదు. "ఓడ పని ఫోన్లో నేర్చుకుంటార్రా ఎవరైనా?" అని కసిరేవాడు.

ఆ ఒక్క కార్డునూ ఆమె ఎన్నిసార్లు తప్పు చెప్పిందో. చివరికి నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పేంతగా నోటికి పట్టింది.

ఓడ సురిగావో రేవుకు చేరిన రోజున ఎండ మాడ్చేస్తోంది. దారి పొడవునా వానలు కురవడంతో ఎండుకొబ్బరి బస్తాలున్న గది మూత తీయలేదు. కూలీలు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. మనిషి దిగే చిన్న మూతను సరంగు తెరిచి, వంగి వాసన చూశాడు.

"రెనాంతే, దిగి అడుగు బస్తాలు తడిశాయేమో చూసి రా."

"మీటరు పెట్టి గాలి చూడలేదు కదా బాబాయ్," అంది లవెల్లా.

"చూశాగా, కొబ్బరి వాసనే. విషమా ఏంటి?"

విషం కాదు. కానీ మూసి ఉంచిన ఎండుకొబ్బరి గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. ఆ లోటుకు వాసనా ఉండదు, రంగూ ఉండదు. లవెల్లా ఇంకో మాట అనబోయింది. అప్పటికే రెనాంతే ఆమెకు కన్నుగీటి, నిచ్చెన దిగిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత బస్తా జారిపడ్డట్టు ఒక శబ్దం.

"రెనాంతే!"

ఆమె వంగి టార్చి వేసింది. నిచ్చెన కింద బస్తాల మీద బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి సన్నగా కదిలి, ఆగిపోయింది.

లవెల్లా కాలు దానంతట అదే మూత అంచు దాటింది. అదే క్షణంలో, ఎవరూ అడగకుండానే, ఆ జవాబు నోటికొచ్చింది. దిగకూడదు. కాలు వెనక్కి తీసుకుని రేడియో నోటి దగ్గర పెట్టుకుంది. "ముందువైపు సరుకు గదిలో మనిషి పడిపోయాడు! అలారం కొట్టండి! సిలిండర్లు పంపండి!"

సరంగు అప్పటికే నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె వెనకనుంచి అతని నడుము చుట్టేసి, వెనక్కి లాగింది. ఇద్దరూ డెక్కు మీద పడ్డారు.

"వదులు! వాడు నా చెల్లెలి కొడుకే!"

"దిగితే నువ్వూ లేవవు బాబాయ్!"

"నువ్వసలు మనిషివేనా!"

సరంగు మోచెయ్యి ఆమె దవడకు గట్టిగా తగిలింది. నోట్లో నెత్తురు ఉప్పగా ఊరింది. ఆమె అతని కాళ్ళను కౌగిలించుకుని కళ్ళు మూసుకుంది. అలారం మోగుతోంది. కింద వాడు క్షణక్షణం చస్తున్నాడనీ, వాణ్ణి తనే చంపుతోందనీ అనిపించింది. పుస్తకం తప్పైతే? ఆ యాప్ ఎక్కడో ఒక మాట మింగేసి ఉంటే?

కెప్టెన్ తర్వాతి అధికారి, చీఫ్ మేట్ తబువేనా పరుగెత్తుకొచ్చాడు. సిలిండరు తగిలించుకుని, మాస్కు బిగించుకుని, నడుముకు తాడు కట్టించుకునేసరికి ఒక జీవితకాలం గడిచినట్టయింది. మేట్ నిచ్చెన దిగాడు. సరంగు బాలయేసు సాంతో నీన్యోను పిలుస్తూ ఏడుస్తున్నాడు. చివరికి తాడు కదిలింది. అందరూ కలిసి లాగారు. రెనాంతే పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆక్సిజన్ మాస్కు పెట్టి లవెల్లా అతని పేరు పిలుస్తూనే ఉంది. కాసేపటికి ఛాతీ ఒక్కసారి గట్టిగా ఎగిసింది.

విచారణలో కెప్టెన్ అడగ్గానే సరంగు తల వంచుకుని, "నేనే పంపాను," అన్నాడు. ఓడలో కొందరు లవెల్లా భుజం తట్టారు. వంటవాడు మాత్రం ఆమె కంచంలో అన్నం వడ్డిస్తూ, "రాయి గుండె తల్లీ నీది," అన్నాడు. ఆ ముద్ద ఆమెకు దిగలేదు.

ఆసుపత్రికి వెళ్ళాలంటే ఆమెకు భయం వేసింది. అయినా వెళ్ళింది. రెనాంతే దిండుకు ఆనుకుని ఉన్నాడు, పక్కన స్టూలు మీద సరంగు. మాట నెమ్మదిగా వస్తోంది, చేతులు వణుకుతున్నాయి. పడిపోయిన సంగతి అతనికేమీ గుర్తులేదు.

"నన్నెవరు తీశారు?"

"మేట్ తీశాడు," అన్నాడు సరంగు. "నేను దిగబోతే ఈమె దిగనివ్వలేదు. నేను దిగుంటే మీ అమ్మ ఇద్దరికి ఏడ్చేది. డాక్టరూ అదే అన్నాడు. అయినా అమ్మాయ్, నిన్ను చూస్తే ఆ రోజు డెక్కు మీద మన అరుపులే వినిపిస్తున్నాయి నాకు. కోపం పోవట్లేదు. నీ మీదో, నా మీదో తెలియట్లేదు."

రెనాంతే ఆమె వాచిన దవడను చూశాడు. "నీ చోట నేనుంటే... దిగేసేవాణ్ణి."

"నాకూ దిగాలనే ఉండింది," అంది లవెల్లా. ఆ మాట బయటికొచ్చాక ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. సరంగు లేచి, తను కూర్చున్న స్టూలు ఆమె వైపు జరిపి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.