గీత పెట్టని దిమ్మ

మా దగ్గర కత్తి చేయించుకున్న వంటావిడ ఫోన్ చేసినప్పుడు తమ్ముడు కొలిమి దగ్గర ఉన్నాడు. నేను పక్కగదిలో ఒక కత్తి పిడికి గరుకు కాగితం పడుతున్నాను. ఆ రెండు గదుల మధ్య తలుపు లేదు కాబట్టి, వాడన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

“కత్తిలో లోపం లేదండి. పిడి చెక్క సంగతంతా మా అక్క చూస్తుంది. చెక్క కదా, ఒక్కోసారి అలా అవుతుంది.”

అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కోసారి అలా అవుతుందట! పంతొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో చెక్క ఎంచేది నేను. ఇన్నేళ్లలో ఒక్క పిడి వెనక్కి రాలేదు. తమ్ముడు ఇనుము కాల్చి, సాగగొట్టి, పదును పెడతాడు. ఆ పనిలో వాడికి వంక పెట్టను, పెట్టలేను. కానీ రోజంతా మనిషి చేతిలో ఉండేది నా చెక్క. అరచేతికి తెలిసేది అదే.

పిడికి పనికొచ్చే అందమైన చెక్క ఎప్పుడూ జబ్బు చెక్కే. ముడులు తిరిగి, సగం పుచ్చి, లోపల నల్లటి చారలు పాకినదాన్నే జనం ముచ్చటపడి కొంటారు. అది ఉన్నదున్నట్టు వాడితే నెల తిరక్కుండా ఉబ్బి పగులుతుంది. అందుకని దిమ్మలుగా కోసి, సన్నటి వేడిలో రోజుల తరబడి ఆరబెడతాను. ఆరాక రెజిన్ అనే జిగురు ద్రవంలో ముంచి, పంపుతో చెక్కలోని గాలి లాగేస్తాను. గాలి ఖాళీ చేసిన చోటికల్లా రెజిన్ వెళ్లి కూర్చుంటుంది. మళ్లీ వేడి చేస్తే గట్టిపడి ఇక నీటికీ ఆవిరికీ లొంగదు. అయితే లోపల చెమ్మ మిగిలిందా, రెజిన్‌కు చోటు దొరకదు. ఆ చెమ్మ కంటికి కనిపించదు, చేతికి తెలియదు, కాటాకు మాత్రమే తెలుస్తుంది. రోజూ పొద్దున్నే ప్రతి దిమ్మనూ తూచి, దాని కొసన పెన్సిల్‌తో బరువు రాస్తాను. రెండు రోజులు వరసగా అదే అంకె వస్తే కింద గీత పెడతాను. గీత లేని దిమ్మ రెజిన్ డబ్బాలోకి వెళ్లదు. ఈ ఇంట్లో ఇది చట్టం.

ఇంత చేస్తే దక్కిన మర్యాద ఏమిటో చెబుతాను. కిందటి నెల కత్తుల ప్రదర్శనలో ఒక పెద్దమనిషి పిడి మీద చెయ్యి తిప్పి, “ఈ చెక్క ఎంపిక ఎవరిదండీ?” అని అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తమ్ముడు నా వైపు చూడను కూడా చూడకుండా, “ఓ, అదా, ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారు లెండి” అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది! ఆ సాయంత్రం నుంచి వాడితో మాటలు మానేశాను. ఎన్నో రోజులు కాదు, నాలుగే. ఆ నాలుగు రోజులూ మా మధ్య తపాలా మోసింది మా మరదలు. “మీ అక్క కాటా ఎక్కడని అడుగుతోంది.” “మీ తమ్ముడు కాటా దాని చోటనే ఉందంటున్నాడు.” పాపం, కాళ్లు అరిగిపోయాయని నవ్వుతూనే గొణుక్కుంది.

వంటావిడ మా ఇంటికి వచ్చింది సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే. ఆసుపత్రి వంటశాలలో ముప్పై ఏళ్లుగా కూరగాయలు తరుగుతోంది. బొటనవేలి కీలు అరిగిపోయి, అక్కడిచ్చే సన్నపిడి కత్తి పట్టు చిక్కడం లేదు. తరగలేకపోతే పళ్లేలు కడిగే చోటికి మారుస్తామని అధికారి చెప్పేశాడట. లావుపాటి పిడి ఉన్న మంచి కత్తి ఒకటి చేయించుకుంటే నెగ్గుకొస్తానని ఆవిడ ఆశ. తమ్ముడు ఫోన్ తీసి, ఆరుతున్న దిమ్మల బొమ్మలు చూపించాడట. వాడు చెక్కను బొమ్మలోనే ఎంచుతాడు మరి. నల్లచారల దిమ్మకు నీలం రంగు రెజిన్ పట్టిస్తే అదిరిపోతుందన్నాడు. ఆవిడ సరేనంది.

ఇప్పుడు ఆ పిడి పగిలింది. పగులు అంచు అరచేతిలో దిగి మూడు కుట్లు పడ్డాయి. వీడేమో ఒక్కోసారి అలా అవుతుందంటున్నాడు!

వెళ్లి వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. “పిన్నిగారూ, ఆ కత్తి తీసుకుని ఒకసారి రండి. లోపం ఎవరిదో మీ ముందే తేలుస్తాను.”

గంటలో వచ్చింది. కుడిచేతికి కట్టు, ఎడమచేతిలో గుడ్డలో చుట్టిన కత్తి. మంచినీళ్లు ఇచ్చానో లేదో కూడా గుర్తులేదు, అంత ఊపులో ఉన్నాను. కత్తిని వైస్‌లో బిగించి, పిడి ఊడదీసి, రంపంతో అడ్డంగా కోశాను. పైన గోరంత మందాన నీలం. లోపలంతా పాలిపోయిన పచ్చి చెక్క. పైన పటారం, లోన లొటారం.

“చూడు! రెజిన్ లోపలికి పోనేలేదు. చెమ్మ ఆరకుండానే ముంచావు.”

కోతల్లో మిగిలిన ముక్కలు వేసే డబ్బా వెతికి, అదే దిమ్మ కొస ముక్కను పట్టుకొచ్చాను. రెజిన్ పొర కింద నా పెన్సిల్ అంకెలు స్పష్టంగా ఉన్నాయి. నూట నలభై రెండు, నూట ముప్పై తొమ్మిది, నూట ముప్పై ఏడు. బరువు ఇంకా తగ్గుతూనే ఉంది. గీత లేదు. ఆ ముక్కను తీసుకెళ్లి నీళ్ల బకెట్‌లో పడేశాను. రెజిన్ నిండిన చెక్కయితే మునగాలి. ఇది దర్జాగా తేలింది.

“గీత పెట్టడం మర్చిపోయావేమో అనుకున్నా” అన్నాడు తమ్ముడు.

“అడిగితే నోరు అరిగిపోతుందా?”

“నువ్వు మాట్లాడితేగా అడగడానికి!”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేసిందంతా చేసి నా చెక్క మీదకు నెడతావా? ముంచింది నువ్వు. మంచి పేరొస్తే నీది, చెడ్డ పేరొస్తే అక్కదా?” ఇంకా చాలా అన్నాను. పంతొమ్మిదేళ్లవీ అన్నాను. వాడు తల దించుకుని వింటుంటే నాకు లోలోపల హాయిగా కూడా ఉంది.

వంటావిడ ఎడమచేత్తో బకెట్‌లోని ముక్కను తీసి, అంకెలు చదువుతోంది.

“రోజూ తూస్తావా అమ్మాయ్?”

“రోజూ పిన్నిగారూ. ఒక్క రోజు తప్పను.”

“మరి మూడు అంకెలే ఉన్నాయేం? నాలుగో రోజు తూచలేదా?”

“నాలుగో రోజు దిమ్మ అక్కడ లేదు. వీడు తీసేశాడుగా!”

“లేదని చూశావా?”

“చూశాను.”

“చూసి?”

ఆ పొద్దున పన్నెండు దిమ్మల వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఏది పోయిందో చూడగానే తెలిసింది. తీసింది వాడేనని తెలిసింది. అది ఆరలేదని అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా మరదలితో ఒక్క కబురు పంపలేదు. పోనీ, తెలిసొస్తుంది వెధవకి, అనుకున్నాను. అవును, సరిగ్గా ఇదే మాట అనుకుని, మిగిలిన పదకొండూ తూచుకుని వెళ్లిపోయాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టంటారు. నా కోపానికి దుత్తయింది ఈవిడ అరచెయ్యి.

“అడగలేదు పిన్నిగారూ” అన్నాను. “తెలిసే ఊరుకున్నాను.”

తమ్ముడు తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను.

వంటావిడ ముక్కను బల్ల మీద పెట్టింది. “వాడు చెక్క మీద చెప్పాడు, నువ్వు వాడి మీద చెబుతున్నావు. కుట్లు మాత్రం నాకు పడ్డాయి. పదిరోజుల్లో కట్టు విప్పుతారు. ఆ రోజే అధికారి నా చేత తరిగించి చూస్తాడట. చెయ్యి ఆడకపోతే పళ్లేల దగ్గరికే. మీ అక్కాతమ్ముళ్ల పంచాయతీ తర్వాత పెట్టుకోండి, కత్తి సంగతి చూడండి.”

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఆవిడ మంచి చేతికి మైనపు ముద్ద ఇచ్చి పిడికిలి బిగించమని చెప్పి, ఆ అచ్చు తిరగేసి కుడిచేతికి కొలత వేసుకున్నాను. ఈసారి చారలూ రంగులూ చూడలేదు. ఎప్పుడో గీత పడి, రెజిన్ పట్టడానికి సిద్ధంగా ఉన్న మామూలు గోధుమరంగు దిమ్మ ఒకటి తీశాను. దాన్ని మళ్లీ ఒక రోజంతా వేడిలో ఉంచాను. పొద్దున తూచబోతుంటే తమ్ముడు వచ్చి కాటా మీదకు వంగాడు. పాత అంకే వచ్చింది. వాడు నా చేతిలో పెన్సిల్ తీసుకుని, నా గీత కింద ఇంకో గీత పెట్టాడు. ఆ ప్రదర్శన మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పదోరోజు ఇద్దరం కొత్త పిడి బిగించిన కత్తి పట్టుకుని ఆసుపత్రి వంటశాలకు వెళ్లాం. బల్ల మీద క్యారెట్లు గుట్టగా పోసి ఉన్నాయి. అధికారి చేతిలో కాగితంతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వంటావిడ కత్తి వైపు చూడలేదు.

“కొత్త పిడి కోయగా మిగిలిన ముక్క తెచ్చారా?”

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆవిడ కుళాయి కింద గిన్నె నింపి, ముక్కను అందులో వదిలింది. పంతొమ్మిదేళ్లలో నా చెక్కను ఎవరూ పరీక్షించలేదు. నెల కిందట ఎవరైనా ఆ పని చేస్తే నమ్మకం లేదా అని మీద పడిపోయేదాన్ని. ఇప్పుడు తమ్ముడి పక్కన నిలబడి గిన్నెలోకి చూస్తున్నాను. ముక్క ఒక్క క్షణం తటపటాయించి, మునిగి, అడుగున టక్కుమంది.

అప్పుడు కత్తి తీసుకుంది. మొదటి నాలుగు క్యారెట్లూ నెమ్మదిగా తెగాయి. తర్వాత చెయ్యి తన పాత వేగం వెతుక్కుంది. గుట్ట సగమయ్యేదాకా చూసి, అధికారి చేతిలోని బదిలీ కాగితాన్ని అడ్డంగా కొట్టేసి వెళ్లిపోయాడు.

వంటావిడ చెయ్యి తుడుచుకుని, గిన్నెలోని ముక్కను బయటికి తీసింది. రెండు గీతలనూ ఒకసారి చూసి, దాన్ని తన జేబులో వేసుకుంది.

“ఇది నా దగ్గరే ఉంటుంది” అంది.

ఉండనీయండి పిన్నిగారూ, అన్నాను.