ఎరుపెక్కని జాబితా

నేను ఒక ఫైలుని. ఆఫీసు బీరువాల్లో తాడు కట్టి పడేసే రకాన్ని కాదు. వాటి మీద కనీసం దుమ్మైనా పడుతుంది, ఎలుకైనా కొరుకుతుంది. నేను కంప్యూటర్లో ఉండే ఉత్త అక్షరాల ఫైలుని. బొమ్మల్లేవు, హంగుల్లేవు, ఏ కంపెనీ ముద్రా లేదు. మీ ఇంట్లో చీటీ మీద పెన్సిలుతో రాసుకునే పనుల జాబితా ఉంటుంది చూడండి, దానికి నేను దూరపు బంధువుని. ఆ చీటీకి ఉన్న పరువు మాత్రం నాకు దక్కలేదు. ఎందుకు దక్కలేదో చెప్పుకోవాలంటే నన్ను పుట్టించినాయన గురించి చెప్పాలి. చెబుతాను, మొహమాటం లేకుండానే చెబుతాను.

రాజమహేంద్రవరంలో, దానవాయిపేటలో, ఒక రెండో అంతస్తు వాటాలో పుట్టాను. ఆయన పేరు ఫణీంద్ర. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. పుట్టినప్పుడు నాలో అయిదంటే అయిదు వరుసలు. గ్యాసు బుక్ చేయాలి. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వాలి. బండి సర్వీసింగు. మేనమామకి ఫోను. గీజరు బాగుచేయించాలి. నాలుగు పనులు ఆ వారంలోనే అయ్యాయి, ఒక్కొక్కటి అయినప్పుడల్లా పక్కన 'అయింది' అని రాశాడు. మనిషి ఏదో చేస్తున్నాడు, నేను దానికి పనికొస్తున్నాను అనుకుని సంతోషించాను. నా జీవితంలో నేను పనికొచ్చిన వారం అదొక్కటే.

నేనుండే ప్రోగ్రాముకి ఒక గుణం ఉంది. అందులో శీర్షిక కింద ఇంకో శీర్షిక దూర్చుకోవచ్చు, చూడక్కర్లేనప్పుడు మడిచి దాచుకోవచ్చు. పనికి తేదీ వేస్తే ఆ రోజు పట్టికలో కనబడుతుంది, ఆ రోజు దాటిపోతే ఎర్రబడుతుంది. ఇవి చాలవనుకున్నవాళ్ళు తమకి నచ్చినట్టు ప్రోగ్రామునే మార్చుకోవచ్చు. చేసినవాళ్ళు తలుపులన్నీ తెరిచి పెట్టారు పాపం. తెరిచిన తలుపులోంచి లోపలికెళ్ళి కాపురం చేసుకునేవాళ్ళు కొందరు, గుమ్మంలోనే కూర్చుని తలుపులకి రంగులేసుకునేవాళ్ళు కొందరు. మా ఫణీంద్ర రెండో రకం.

రెండో వారంలో 'చేయాలి', 'అయింది' అనే రెండు మాటలు ఆయనకి సరిపోలేదు. 'ఆలోచించాలి' వచ్చింది. 'ఎదురుచూపు' వచ్చింది. 'ఎప్పుడైనా', 'సగం అయింది', 'మళ్ళీ చూడాలి' వచ్చాయి. ఆఖరికి పద్నాలుగయ్యాయి, పద్నాలుగింటికీ పద్నాలుగు రంగులు. గీజరు కింద పదకొండు ఉపశీర్షికలు వెలిశాయి: మెకానిక్కుల వివరాలు, కంపెనీల పోలిక, నీళ్ళలో ఉప్పు శాతం మీద ఒక గమనిక. పని ఎంత శాతం అయిందో చూపించే గీత ఒకటి తయారుచేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ గీత సున్నా చూపించింది. వీధి చివర మెకానిక్కుకి కేకేస్తే అరగంట పని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆయన అలా కూర్చున్నప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో నాకంటే ఆయనకే తక్కువ తెలుసు. భార్య విజయదుర్గ వంటింట్లోంచి "ఏమండీ" అంటుంది. రెండోసారి అంటుంది. మూడోసారి వచ్చి భుజం తడితేగానీ ఈయన తల తిప్పడు. తిప్పి, "ఏంటి, పిలిచావా?" అంటాడు. ఆవిడ తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా జనంతో మాట్లాడి వచ్చి, ఇంట్లో ఒక మనిషి వీపుతో మాట్లాడేది.

జూన్ పదిహేడో తేదీ సాయంత్రం ఆవిడ అలాగే మూడోసారి వచ్చి నిలబడింది. చంకలో పాప ఉంది, పేరు మైత్రి, పద్నాలుగో నెల.

"పిల్ల పిలిస్తే తిరగట్లేదండి. నిన్న వెనకాల పళ్ళెం పడితే నేనే ఉలిక్కిపడ్డాను. ఇది మాత్రం బొమ్మ నములుకుంటా కూచుంది. ఓసారి చెవుల డాక్టరుకి చూపిద్దామండి. నాకు సెలవు దొరకట్లేదు, మీరు అపాయింట్‌మెంటు తీసుకుంటే ఆ రోజుకి ఎలాగోలా అడుగుతాను."

"ఆగు, రాసుకుంటున్నా," అన్నాడు ఫణీంద్ర.

రాసుకున్నాడు. 'మైత్రి చెవులు చూపించాలి.' మొదటి శ్రేణి ముఖ్యం అని గుర్తు పెట్టాడు. ఆరోగ్యం అని ముద్ర, కుటుంబం అని ముద్ర, ఫోను పని అని ముద్ర వేశాడు. వచ్చే సోమవారానికి తేదీ వేశాడు. వేసి, కుర్చీలో వెనక్కి వాలి, తృప్తిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు బాగా తెలుసు. పని పూర్తిచేసినవాడు వదిలే ఊపిరి అది. ఈయన రాసుకోగానే వదిలేస్తాడు.

దుర్గ కూడా నిశ్చింతగా వెళ్ళింది. ఆవిడని తప్పుపట్టను. తపాలా ఆఫీసులో రాసుకున్నది ఏదో ఒక గుమ్మం చేరుతుంది. రాసుకోవడమంటే ఆవిడకి తెలిసిన అర్థం అదే.

సోమవారం వచ్చింది, పోయింది. మర్నాడు ఆ వరుస ఎర్రబడింది. ఆయన చేత్తో తేదీ మార్చాడు. మళ్ళీ ఎర్రబడింది, మళ్ళీ మార్చాడు. మూడోసారికి ఆయనకి విసుగొచ్చింది. తన మీద కాదు, ఎరుపు మీద. పొద్దున్నే లేవగానే ఎర్ర వరుసలు చూస్తే మనసు పాడవుతోందట, ఆ మాట కాలేజీలో ఎవరికో ఫోనులో చెప్పాడు. డాక్టరుకి చేయాల్సిన ఫోను కంటే ఆ ఫోను నాలుగు రెట్లు పొడుగు.

జూలై ఇరవై ఒకటిన, ఆదివారం, పన్నెండు వరుసల చిన్న ప్రోగ్రాము రాసి నాకు తగిలించాడు. దాని పని ఒక్కటే. పొద్దున నన్ను తెరవగానే, తేదీ దాటిన పనులన్నిటినీ తీసుకెళ్ళి ఆ రోజు తేదీ మీద కూర్చోబెడుతుంది. ఎప్పుడు జరిపిందో ఆ పని కిందే ఒక వరుస రాస్తుంది. ఆ వరుసలు కళ్ళకి అడ్డం రాకుండా మడతలో దాచేస్తుంది. అన్నీ లెక్కగా ఉండాలని ఆయన పట్టుదల మరి, మడత విప్పి చూడాలని మాత్రం లేదు.

ఆ రోజు నుంచి నాలో ఎరుపు లేదు. ప్రతి పనీ ఇవాళ్టిదే, ఏదీ నిన్నటిది కాదు. ఆయన పొద్దున కాఫీ తాగుతూ నన్ను చూసి మురిసిపోయేవాడు. నాకు మాత్రం అసహ్యం వేసేది, సగం ఆయన మీద, సగం నా మీద. చీటీ అయితే ఈపాటికి నలిగి, మాసి, చూసినప్పుడల్లా సిగ్గు తెప్పించి ఉండేది. నన్ను ఎన్నిసార్లు మోసం చేసినా నా ఒంటి మీద ముడత పడదు.

దుర్గ అడుగుతూనే ఉంది. దసరాకి అడిగింది, దీపావళికి అడిగింది. దీపావళినాడు పక్క వాటావాళ్ళు పెద్ద బాంబు పేలిస్తే, పాప మెట్ల మీద కూర్చుని ఆ వెలుగు చూసి నవ్వింది. అడిగిన ప్రతిసారీ ఈయన నన్ను ఆవిడ వైపు తిప్పి, "ఇదిగో, ఉంది చూడు, టాప్‌లోనే ఉంది," అనేవాడు. ఉండేది. ఆయన తల్లి ఫోనులో, "వాడికీ మూడేళ్ళ దాకా మాటలు రాలేదమ్మా," అని ఇంకో దిండు వేసింది. ఆ దిండు మీద దుర్గ కూడా కొన్నాళ్ళు తల పెట్టుకుంది. భయపడ్డ మనిషికి కాస్త నిద్ర కావాలి కదా.

డిసెంబరులో నాకు సన్మానం జరిగింది. కాలేజీ హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఫణీంద్ర నన్ను గోడ మీద తెర నిండా పరిచాడు. ఉపన్యాసం పేరు 'గడువు దాటని జీవితం'. "అయిదు నెలలుగా నా లిస్టులో ఒక్క పని కూడా ఓవర్‌డ్యూ లేదు," అని చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ రోజు పల్లకీ నేనే.

అంతా వెళ్ళిపోయాక ల్యాబ్ అటెండరు నూకరాజు ప్రొజెక్టరు వైర్లు చుడుతూ తెర వైపు చూశాడు.

"సార్, ఆ పై వరసలో పాప చెవులని ఉందండి. ఏమైందండి?"

"అది షెడ్యూల్లో ఉంది నూకరాజూ. ఇవాళ్టి తేదీ వేసే ఉంది చూడు."

నూకరాజు చూశాడు. తీరిగ్గా చదివాడు. "మరి ఇవాళంతా మీరిక్కడే ఉన్నారు కదండీ," అన్నాడు.

ఆ హాల్లో రెండువందల మంది చూసి చప్పట్లు కొట్టిన దాన్ని చదివింది ఆయనొక్కడే. నేను ఆశపడ్డాను, అబద్ధమెందుకు. ఫణీంద్ర కాస్త ఎర్రబడ్డాడు కూడా; నాలో పోయిన ఎరుపు అక్కడైనా కనబడిందనుకున్నాను. ఇంటికెళ్ళి కూర్చుని ఏం చేశాడో తెలుసా? 'సొంతం' అని కొత్త ముద్ర తయారుచేశాడు. ఆ ముద్ర ఉన్న పనులు ఇకమీద ప్రొజెక్టరు మీద కనబడవు.

మే పంతొమ్మిదిన జరిగింది నేను తర్వాత విన్నదే. దుర్గ ఆఫీసుకి బయల్దేరుతూ పాపని పక్కింట్లో దింపడానికి వీధిలోకి దిగింది. ఒక్క నిమిషం చెయ్యి వదిలింది, వీధి గేటుకి తాళం వేయడానికి. వెనకనుంచి పాల వ్యాను వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. పాప నడివీధిలో కూర్చుని గులకరాళ్ళు ఏరుకుంటోంది. వ్యాను జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి దుర్గని తిట్టాడు. ఆవిడ పిల్లని ఎత్తుకుని, ఆఫీసుకి ఫోను చేసి రావడం లేదని చెప్పి, అదే దుస్తుల్లో ఆటో ఎక్కింది. ఎక్కడా ఏమీ రాసుకోలేదు.

ఫణీంద్ర కాలేజీ నుంచి ఆస్పత్రికి పరిగెత్తాడు, భుజానికి ల్యాప్‌టాప్ సంచీతోనే. అందులో నేనున్నాను. వెళ్ళేసరికి పాపని నిద్రపుచ్చి, నెత్తికి తీగలు అంటించి చేసే పరీక్ష అయిపోయింది. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని చెప్పింది. రెండు చెవులకీ వినికిడి బాగా తక్కువ. మిషన్లు పెట్టాలి, పెట్టాక మాటలు నేర్పించాలి. నేర్చుకుంటుంది, కానీ ఈ వయసులో ప్రతి నెలా లెక్కే.

"మొదట ఎప్పుడు గమనించారు?" అని అడిగింది.

"ఈమధ్యేనండి. రెండు మూడు నెలలు," అన్నాడు ఫణీంద్ర.

దుర్గ ఆయన వైపు చూడలేదు. నిద్రపోతున్న పిల్ల జుట్టులోంచి జిగురు తుడుస్తోంది. "రాసుకున్నారు కదండీ," అంది. "తీసి చూడండి."

సంచీలోంచి తీశాడు. నన్ను తెరిచాడు. మొదట రాసుకున్న తేదీ మడత అడుగున ఉంది కాబట్టి మడత విప్పక తప్పలేదు. పది నెలల్లో మొదటిసారి విప్పాడు. జరిపాను, జరిపాను, జరిపాను. ఒక్కో పొద్దుటికీ ఒక్కో వరుస, మూడువందల రెండు వరుసలు. ఆయన కిందికి దిగుతూనే ఉన్నాడు. చివరికి అడుగున కనబడింది, జూన్ పదిహేడు.

"దీంట్లో ఏదో బగ్..." అని మొదలుపెట్టాడు. పూర్తి చేయలేకపోయాడు. అదొక్కటి నేను ఆయన ఖాతాలో మంచిగా వేస్తాను.

"పోయిన జూన్ పదిహేడండి," అన్నాడు.

డాక్టరమ్మ బాల్‌పెన్నుతో కాగితం మీద ఆ తేదీ రాసుకుంది, వెంటనే కింద వచ్చే వారం ఏ రోజు రావాలో రాసి, ఆ కాగితం దుర్గ చేతికిచ్చింది. ఆ రెండు వరుసలు చూసి నేను సిగ్గుపడ్డాను. నాకున్నవి పద్నాలుగు రంగులు.

మర్నాడు ఆయన ఆ పన్నెండు వరుసల ప్రోగ్రాము తీసేశాడు. తీసేసరికి నలభై మూడు పనులు ఒక్కసారి ఎర్రబడ్డాయి. కాసేపు చూసి మూసేశాడు. ఆ తర్వాత నెలల తరబడి నన్ను తెరవలేదు. గీజరు సంగతి దుర్గ వీధి చివరి మెకానిక్కుతో ఎప్పుడో చూసుకుంది. నాలో మాత్రం అది ఇప్పటికీ పాడయ్యే ఉంది, పదకొండు ఉపశీర్షికలతో సహా.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొద్దున మళ్ళీ తెరిచాడు. గదిలో నేల మీద మైత్రి డబ్బాలు పేర్చుకుంటోంది, రెండు చెవుల వెనకా చిక్కుడుగింజంత మిషన్లు. రోజూ అరగంట భార్యా, అరగంట భర్తా పిల్లతో కూర్చుని శబ్దాలు గుర్తుపట్టించాలని డాక్టరమ్మ నియమం. ఇంకా మాట ఒక్కటీ రాలేదు. ఈయన వేళ్ళు నా మీద ఆడాయి. 'మైత్రి సాధన' అని శీర్షిక పెట్టాడు. కింద ఉపశీర్షికలు మొదలయ్యాయి. చప్పట్లు. గంట మోగించడం. పేరు. దానికి ఏ రంగు వేయాలో వెతకడం మొదలుపెట్టాడు. కుక్క తోక సంగతి తెలిసిందే కదా, నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

వంటింట్లోంచి దుర్గ, "ఏమండీ," అంది.

ఆయన రంగులు చూస్తున్నాడు.

"ఏమండీ."

నేల మీద డబ్బా ఒకటి పడింది. చేతిలోది వదిలేసి పిల్ల తల ఎత్తింది. ఆ పిలుపు ఎటునుంచి వచ్చిందా అని ఒక్క క్షణం తడుముకుని, వంటింటి గుమ్మం వైపు తిరిగింది. తల్లి ఇంకా కనబడనే లేదు. అయినా ఆ గుమ్మాన్నే చూస్తూ కూర్చుంది.

డబ్బా దొర్లి ఆయన కాలికి తగిలింది. అప్పుడు తల తిప్పాడు. పిల్లని చూశాడు, పిల్ల చూస్తున్న వైపు చూశాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచి, "వస్తున్నా దుర్గా," అంటూ పిల్లని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

నన్ను సేవ్ చేయలేదు. సాయంత్రం కరెంటు పోయింది, బ్యాటరీ నిలవని ఆ పాత ల్యాప్‌టాప్ ఆరిపోయింది. ఆ శీర్షిక ఇప్పుడు నాలో ఎక్కడా లేదు. పొద్దున్నా సాయంత్రమూ మాత్రం వంటింట్లో పిల్ల సాధన గంట వినబడుతోంది.