డొల్ల చప్పుడు

పొడుగుపిల్ల మైదానం చుట్టూ పరిగెడుతూ నాలుగో చుట్టులో మలుపు తిరుగుతుంటే టకటక తాత ఇనప కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుని కొత్తగా చేరిన పిల్లలు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వారు. పాతవాళ్లు నవ్వలేదు. తాత కళ్లు మూశాడంటే ఎవరి మడమకో ఇవాళ తిట్లు తప్పవని వాళ్లకు తెలుసు.

ఆయన చూసి నేర్పే రకం కాదు, విని నేర్పే రకం. ముప్పై రెండేళ్లు బొగ్గు గనిలో ఆయన చేసిన పని అదే. మిగతావాళ్లు అడుగుపెట్టేముందు పొడవాటి కర్రతో పైకప్పును కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. అలా పలికితే జనాన్ని వెనక్కి పంపి, ఆసరాగా దుంగలు నిలబెట్టేదాకా ఎవర్నీ రానివ్వకూడదు. రిటైరై పదకొండేళ్లయినా ఆ చెయ్యి ఊరుకోదు. తలుపు, బల్ల, బస్సులో ముందు సీటు, ఏదీ వదలడు. ఆమధ్య డాక్టరు ఆయన వీపు మీద వేళ్లతో కొట్టి వింటుంటే, "ఇంకాస్త కింద కొట్టండి, డొల్ల అక్కడుంది" అన్నాడట. డాక్టరుకు నవ్వు రాలేదు. ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడే మరి.

ఇంటి నుంచి మైదానం పట్టుమని రెండు వందల అడుగులుండదు. అందులో నాలుగు చోట్ల ఆగుతాడు. కుర్చీ ఆయన భార్య మోసుకొస్తుంది. మలుపు దగ్గర వేసి, కూర్చోబెట్టి, "కేకలెయ్యకండి" అని చెప్పి మరీ వెళ్తుంది. ఆవిడ వీధి మలుపు తిరగకముందే ఈయన మొదలుపెడతాడు. ఇరవై మూడేళ్లుగా ఇక్కడ పిల్లలకు పరుగు నేర్పుతున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు షిఫ్టు దిగి, మొహం కూడా కడుక్కోకుండా వచ్చేవాడు. ఆయన చేతి కింద పరిగెత్తినవాళ్లలో ఒక్కరి ఫోటో కూడా పేపర్లో పడలేదు. ఈ పొడుగుపిల్లది పడుతుందేమోనని మాత్రం ఆశగా ఉండేది.

"ఆగవే" అన్నాడు. పిల్ల రొప్పుతూ వచ్చి నిలబడింది.

"ఎడంకాలు ఎన్నాళ్ల నుంచి నొస్తోంది?"

"నొప్పేం లేదు తాతా."

"నా దగ్గరా నాటకాలు? కుడికాలు చక్కగా పడుతోంది. ఎడమది డొల్లగా పడుతోంది. అది కండ కాదు, ఎముక. రేపు నువ్వు పరిగెత్తడం లేదు."

"రేపే కదా తాతా సెలక్షన్లు!"

ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. రేపు గెలిస్తే క్రీడా హాస్టల్లో సీటు, తిండి, చదువు. పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది. పరిగెత్తినప్పుడు దాచిన కుంటు, ఏడుస్తూ నడిచేటప్పుడు దాచలేకపోయింది.

సాయంత్రం ఆ పిల్ల తల్లి వచ్చింది. దర్జీ పని చేస్తుంది. మెడలో కొలత టేపు కూడా తియ్యకుండా విసవిసా వచ్చి ముందుగదిలో నిలబడింది.

"ఏం మాస్టారూ, నోటికాడి కూడు లాగేస్తారా? కాంపౌండరు కండరం పట్టేసిందన్నాడు, మాత్రలిచ్చాడు. మీరేమో ఎముకని చెవితో చూశానంటున్నారట!"

"మాత్ర వేసుకుంటే నొప్పి తెలీదమ్మా. తెలీదు కాబట్టి పరిగెడుతుంది. సగం దూరంలో విరుగుతుంది."

"అంత ఖాయంగా చెబుతున్నారే. మీ చెవి ఎప్పుడూ తప్పు వినలేదా?"

తాత వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఆయన భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. 'ఏమోనమ్మా, నీ కూతురు, నీ ఇష్టం' అంటే సరిపోతుంది. దర్జీ వెళ్లిపోతుంది, ఇల్లు ఎప్పటిలా ఉంటుంది. ఆయనకు అలా అనాలనే ఉంది. ప్రాణం పోయేంత భయం వేసింది.

"చెవి ఎప్పుడూ తప్పు వినలేదు" అన్నాడు. "నోరే తప్పు చేసింది. మా బావమరిది పోయిన రోజు గని కప్పు డొల్లగా పలికింది. విన్నాను. ఇంకో అరగంట పనే కదా, కానిచ్చేద్దాం అన్నాడు ఇన్‌చార్జి. సరేనన్నాను. వాడొచ్చి 'బావా, వెళ్లొచ్చా?' అనడిగాడు. వెళ్లరా అన్నాను."

గుమ్మం దగ్గర చొక్కా మడత సగంలో ఆగింది. ఇరవై నాలుగేళ్ల కిందట విచారణకొచ్చిన అధికారులతో కప్పు ఏ చప్పుడూ చెయ్యలేదని చెప్పాడు. ఇంట్లోనూ అదే చెప్పాడు. తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న మనిషి, తన ఏడుపు మింగుకుని, "ముందే తెలిస్తే మీరు ఊరుకునేవారా" అని ఈయన్నే ఓదార్చేది. ఓదార్చినన్నాళ్లూ ఓదార్పించుకున్నాడు.

దర్జీ వెళ్లిపోయింది. పది నిమిషాల్లో ఒక జత బూట్లు పట్టుకుని తిరిగొచ్చింది.

"ఇంట్లో ఉంటే నా కళ్లుగప్పి వేసుకుని పోతుంది. మీ దగ్గరే ఉంచండి మాస్టారూ" అని గోడవారగా పెట్టింది.

ఆవిడ వెళ్లాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. భార్య మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్లీ మొదట్నుంచి మడతపెట్టింది.

"తిట్టవే" అన్నాడాయన. "ఏదో ఒకటి అను."

ఆవిడ పెరట్లోకి వెళ్లి మెట్టు మీద కూర్చుంది. తిట్లు చాలానే వచ్చాయి నోటిదాకా, కానీ ఏదీ చాలలేదు. తమ్ముడికప్పుడు ఇరవై రెండేళ్లు. గొంతు చించుకుని అరవాలనిపించింది, అరిచే ఓపిక లేదు. చివరికి అడగాల్సింది ఒక్కటే మిగిలింది. చీకటి పడుతుంటే లేచి లోపలికొచ్చి దీపం వేసింది.

ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"వాడికి అనుమానం రాలేదా?" అంది. "మిమ్మల్ని నమ్మే వెళ్లాడా?"

వింటున్నాడనే అనుకుంది. జవాబు చెప్పడానికి మనసు రాక ఊరుకున్నాడనుకుని, కోపమొచ్చి, ఇంకోసారి గట్టిగా అడిగింది. తర్వాత దగ్గరికి వెళ్లి ఛాతీ మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ గురగురమనే ఆ ఛాతీలో ఏ చప్పుడూ లేదు.

తెల్లారేసరికి ముందుగది జనంతో నిండిపోయింది. ఆయన దగ్గర పరిగెత్తినవాళ్లు కొందరు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. సెలక్షన్ల అధికారి కూడా మైదానానికి వెళ్తూ దారిలో ఆగాడు. మంచివాడే పాపం. మూల నిలబడ్డ పొడుగుపిల్లను చూసి, "తాత కోసం పరిగెత్తమ్మా. ఆయన ఎక్కడున్నా సంతోషిస్తాడు" అన్నాడు. ఆ మాటకు అందరి కళ్లూ చెమర్చాయి. దర్జీ కూడా కూతురి వైపు ఆశగా చూసింది.

పిల్ల ముసలావిడ దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "అమ్మమ్మా, నా బూట్లు."

"ఇవ్వను."

"పెద్దాయన వయసైపోయి ఏదో విన్నానని అనుకుని ఉంటారమ్మా" అన్నాడు అధికారి.

"ఆయన చెవి తప్పు వినదు బాబూ. కావాలంటే నా తమ్ముణ్ణి అడుగు."

ఆవిడ ఆ మాట అన్నది కోపంతోనో, ఇంకెందుకో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. అధికారి టైము చూసుకుని వెళ్లిపోయాడు. మైదానంలో మైకు పేర్లు పిలవడం ఇంట్లోకి వినిపించింది. పొడుగుపిల్ల పేరు రెండుసార్లు పిలిచి వదిలేశారు. పిల్ల ఎడంకాలు చాచుకుని గోడవార కూర్చుండిపోయింది. సీటు ఇంకెవరికో పోయింది.

మధ్యాహ్నం ఆయన్ను తీసుకెళ్లారు. ఆయన్ను క్షమించిందో లేదో ఆవిడ ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. మంచం కింద, గోడకు తాకేంత లోపలికి తోసి ఉన్నాయి ఆ నీలం బూట్లు, తాళ్లు రెండూ కలిపి ముడేసి, ఎడమదాని బొటనవేలి దగ్గర చిరుగు మీద దర్జీ వేసిన సన్నటి తెల్లదారం కుట్టుతో.