నలభై ఆంపియర్ల మర్యాద

జపర్‌కుల్ ముప్ఫయ్యేళ్లుగా బిష్కెక్ నగరంలో ఇళ్లకు కరెంటు పని చేస్తున్నాడు. పరాయివాళ్ల ఇల్లయితే గుమ్మంలోనే నోరు చేసుకుంటాడు. "ఇదేం వైరింగయ్యా, కొంపకు నిప్పు పెట్టుకుంటారా?" అని చిన్నా పెద్దా చూడకుండా దులిపేస్తాడు. అలాంటి మనిషి ఆ రోజు వియ్యంకుడి ఇంట్లో నోట్లో నాలుక లేనివాడిలా ఉండిపోయాడు. వియ్యాలవారింటికి విందుకెళ్లి అక్కడ తప్పులెన్నడమంటే వాళ్ల పరువు తీసినట్టే. ఆ మాట తిరిగి తిరిగి కూతురి నెత్తినే పడుతుంది. అందుకే, అంతే!

నెల కిందట ఆ కూతురే ఫోన్ చేసింది. "నాన్నా, హీటరూ పొయ్యీ కలిపి వేస్తే చాలు, మీటరు పెట్టెలో ఎంసీబీ ట్రిప్పయి కరెంటు ఆగిపోతోంది. నేను వచ్చినప్పటి నుంచే ఇలా అవుతోందట. నా పాదం మంచిది కాదంటోంది మా అత్తయ్య."

"పాదమూ లేదు, పాడూ లేదు! ఆ పాత తీగ రెండింటినీ మొయ్యలేదమ్మా. తీగ కాలిపోకుండా ఎంసీబీ పడిపోతోంది. దాని పనే అది. ఒకటి ఆపి ఇంకోటి వేసుకో. హీటరుకి వేరే మందం తీగ లాగించమని మీ మామగారికి చెప్పు."

"నేను చెబితే వింటారా? నువ్వే చెప్పు నాన్నా."

"వచ్చినప్పుడు చెబుతాలే," అన్నాడు జపర్‌కుల్.

వచ్చాడు. మనవడిని మొదటిసారి కొయ్యతొట్టెలో పడుకోబెట్టి, గుడ్డ పట్టీలతో కాళ్లూ చేతులూ కదలకుండా కట్టే వేడుక. బయట మంచు గడ్డకట్టి ఉంది. వంటింట్లో కరెంటు పొయ్యి మీద పిండివంటలు వేగుతున్నాయి, పక్కన కెటిల్ మరుగుతోంది, లోపలి గదిలో తొట్టె పక్కన పెద్ద హీటరు ఎర్రగా మండుతోంది.

వియ్యంకుడు షర్షెన్‌బెక్ గుమ్మం దగ్గరి మీటరు పెట్టె తెరిచి మరీ చూపించాడు. "చూశారా బావగారూ! ఇన్నాళ్లూ ప్రాణం తీసింది దిక్కుమాలింది. పదహారు ఆంపియర్లది పీకి పారేసి నలభైది పెట్టించాను. ఇప్పుడు ఎన్ని వేసినా కిక్కురుమనదు!"

జపర్‌కుల్ పెట్టెలోకి వంగి చూశాడు. కొత్త ఎంసీబీ కింద అదే పాత సన్నపు తీగ. ఇక ఆపేవాడు లేడు, తీగ ఎంత కాగినా కరెంటు పారుతూనే ఉంటుంది.

"తీగ కూడా మార్పించారా?"

"తీగకేం! మా నాన్న వేయించింది, ఉక్కులాంటిది."

చుట్టూ ఇరవైమంది చుట్టాలు వింటున్నారు. "బాగుంది బావగారూ," అన్నాడు జపర్‌కుల్. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తొట్టె ఉన్న గదిలోకి వెళ్లి, హీటరు తీగ వెళ్లే గోడకు వేలాడుతున్న తివాచీ వెనక చెయ్యి పెట్టి చూశాడు. గోడ వెచ్చగా ఉంది. బయటికొచ్చి, "ఆ హీటరు కాసేపు ఆపితే..." అని నసిగాడు.

వియ్యపురాలు జూరాకన్ పకపకా నవ్వింది. "పసివాడికి చలెయ్యదా అన్నయ్యగారూ? రండి, మాంసం చల్లారిపోతోంది. మా వంట తినకుండా తప్పించుకుందామనా?"

అందరూ నవ్వారు. జపర్‌కులూ నవ్వాడు. తీసుకెళ్లి అందరికంటే పై చోట కూర్చోబెట్టి, పెద్ద అతిథికిచ్చే మంచి ఎముక ముక్క చేతికిచ్చారు. తినేశాక వియ్యంకుడిని పెరట్లోకి తీసుకెళ్లి నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు. ఒక్క పావుగంటలో ఏమవుతుంది?

పావుగంట కూడా పట్టలేదు. రబ్బరు కాలిన వాసన అందరికంటే ముందు అతనికే తగిలింది. చేతిలో ముక్క వదిలేసి మీటరు పెట్టె దగ్గరికి పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. అప్పటికే తివాచీ భగ్గుమంది. కూతురు బురులాయ్ అందరినీ తోసుకుని గదిలోకి దూకింది. పట్టీలు బిగుతుగా ముడివేసి ఉన్నాయి, విప్పడానికి వేళ్లు ఆడలేదు. మండుతున్న తివాచీ తొట్టె మీదికి జారుతుంటే రెండు చేతులతో అవతలికి తోసి, పిల్లాడితో సహా తొట్టెనే ఈడ్చుకొచ్చింది. పసివాడికి చిన్న గాయం కూడా కాలేదు.

సాయంత్రం ఆస్పత్రిలో ఆమె చేతులకు మోచేతుల దాకా కట్లు ఉన్నాయి. కుడిచేతి వేళ్లు మూడు దక్కవన్నాడు డాక్టరు. వరండాలో షర్షెన్‌బెక్ తల బాదుకుంటున్నాడు. "ఎవరికి తెలుసు బావగారూ, ఇలా అవుతుందని ఎవరికి తెలుసు!"

జపర్‌కుల్ మనవడిని ఎత్తుకుని లోపలికి వెళ్లాడు. జూరాకన్ కళ్లు తుడుచుకుంటూ వెనకే వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, ఆ పెట్టె నువ్వు చూశావా?" అంది బురులాయ్.

"చూశానమ్మా."

"చూడగానే తెలిసిందా?"

లేదు అనడం ఎంతసేపు? షర్షెన్‌బెక్ అయితే నమ్మేసేవాడు. కానీ ఆ కట్లు చూస్తూ అబద్ధం చెప్పడానికి జపర్‌కుల్‌కు నోరు రాలేదు.

"తెలిసింది. గోడ కాగుతోందని కూడా తెలిసింది."

"మరి?"

"అంతమందిలో... నీకు మాటొస్తుందని, తల్లీ..."

బురులాయ్ బిడ్డను తీసుకుందామని చేతులు కాస్త ఎత్తి, ఎత్తలేక దించేసింది.

"పిల్లాడిని మా అత్తయ్యకిచ్చి, నువ్వు ఇంటికెళ్లిపో నాన్నా," అంది.

జూరాకన్ దగ్గరికొచ్చి చేతులు చాపింది. జపర్‌కుల్ ఇచ్చేశాడు.